చివరి పేజీ బటన్

“బటన్లు నొక్కుడే గదమ్మా, మా ఆమె నొక్కుతది.”

రాహేలమ్మకు మా ఆయన ఏసుదాసు ఇచ్చిన జవాబు ఇది. కూతురు బిందు పెళ్లి ఆల్బమ్ పని మీద తాండూరు నుంచి రైలెక్కి వికారాబాద్‌లోని మా స్టూడియోకి వచ్చిందామె. చేతిలో చనిపోయిన భర్త మొగులప్ప పాస్‌పోర్టు సైజు ఫొటో. “పెండ్లిల తండ్రి లేకపాయె. ఫొటోలనన్న బిడ్డ పక్కకు నిలవెట్టుండ్రి. ఎవరు చేస్తరు గీ పని?” అని అడిగింది. నేనప్పుడే వెనక గదిలో కుక్కర్ దించి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

బటన్లే, కాదనను. కానీ అవి ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఫొటోషాప్‌కి అదనంగా తగిలించుకునే ఒక ప్యానెల్ ఉంది. అది ఖాళీ గడులే ఇస్తుంది. ఏ గడిలో ఏ పని పెట్టుకోవాలో, ఏ పేరు, ఏ రంగు ఇవ్వాలో మన ఇష్టం. మెనూల్లో వెతికి వెతికి విసుగొచ్చి, నా పనులన్నీ అందులో పోపుడబ్బాలా సర్దుకున్నాను. ముఖానికంటిన పసుపు తగ్గించడానికి ఒకటి, రంగు లైట్లకు నీలిబారిన పెళ్లికొడుకుల కోసం ఒకటి, అందరూ అడిగే ‘తెలుపు’ ఒకటి. నాకు ఇష్టమైనదాని పేరు ‘లేనివాళ్లు’. పోయిన తండ్రులు, సెలవు దొరకని అన్నలు ఆ బటన్‌తోనే పెళ్లిలోకి వస్తారు. వాళ్ల అంచులు మెత్తబడతాయి, వేదిక లైటు ముఖం మీద పడుతుంది, వెనక పరదా మీద నీడ వాలుతుంది. “కంప్యూటర్ ముంగట కూసునుడు సుఖమే గద” అంటుంది మా అత్త. ఆ సుఖంలోంచి లేచి ఆమెకు వేళకు చాయ్ పెడతాను. ఇక ‘చివరి పేజీ’ అని ఇంకొకటి. నొక్కితే స్టూడియో గుర్తు, కింద ‘ఫొటోగ్రఫీ, ఎడిటింగ్: ఏసుదాసు’ అని వచ్చి కూర్చుంటాయి. అదీ నేనే చేశాను. చేసేటప్పుడు నాకేమీ అనిపించలేదు, అదే ఆశ్చర్యం.

మొగులప్పకు అలవాటు కొద్దీ ‘తెలుపు’ నొక్కేశాను. ఆయన ఎవరో బ్యాంకు మేనేజరులా తయారయ్యాడు. సిగ్గేసి వెనక్కి తీశాను. ఆయన నలుపును ఆయనకే ఉంచి, బిందు భుజం వెనక నిలబెట్టాను. బిందు ముఖాన్నీ తెల్లగా చేయలేదు. ఆ తండ్రి బిడ్డేనని తెలియాలి కదా. పూర్తయ్యాక కుర్చీ వెనక్కి జరిపి చూసుకున్నాను. నిజంగా పెళ్లికి వచ్చినట్టే ఉన్నాడు. నా పని చూసి నాకే గర్వంగా అనిపించింది.

ఆల్బమ్ తీసుకోవడానికి బిందు వచ్చింది. ఆ పేజీ దగ్గర ఆగి, తండ్రి ముఖం మీద వేలు పెట్టి ఏడ్చింది. చివరి పేజీ తిప్పి పేరు చదివి, మా ఆయన చేతులు పట్టుకుంది.

“అన్నా, నీ చెయ్యి సల్లగుండ. మా నాయినను తోల్కొచ్చినవ్.”

“మన పనే గద చెల్లె” అన్నాడు ఏసుదాసు, పైగా సిగ్గుపడుతూ.

నేను చాయ్ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నాను. బిందు ఒకటి తీసుకుని నన్ను చూసి నవ్వింది, చాయ్ ఇచ్చినందుకు. లేనివాళ్లందరినీ పెళ్లిళ్లకు రప్పించినదాన్ని, నా పనిలో నేనే లేను.

ఆమె వెళ్లాక గ్లాసులు కడగలేదు. ముందు కంప్యూటర్ దగ్గర కూర్చుని ‘చివరి పేజీ’ బటన్ తెరిచాను.

తర్వాతి ఆల్బమ్ ప్రింటుకు పంపే ముందు మా ఆయన స్క్రీన్ మీదికి వంగాడు. చదివాడు, మళ్లీ చదివాడు. ‘ఫొటోగ్రఫీ: ఏసుదాసు. ఎడిటింగ్: రెబెక్క.’

“గిదేంది రెబెక్కా? నీ పేరెట్ల వచ్చింది?”

“బటన్ నొక్కుడే గద” అన్నాను. “నొక్కిన. వచ్చింది.”