మడి కాగితం

పత్తి ధూళి గదినిండా తేలుతోంది. లూర్దమ్మ కొంగు ముక్కుకి అడ్డంగా కట్టుకుని, బల్లకు బిగించిన కత్తి మీద గుడ్డ పీలికలు తెగ్గోస్తోంది. దగ్గు తెర వచ్చినప్పుడల్లా చేతులు వెనక్కి తీసుకుని, అది తగ్గాక మళ్ళీ మొదలుపెడుతోంది. గాలికి పీలికలు ఎగిరిపోతున్నాయని మేస్త్రీ కిటికీకి మేకులు కొట్టించాడు. మార్చి నెలకే పైన రేకులు కాలుతున్నాయి.

వారం కిందటి దాకా ఆమె ఈ గదిలో మనిషి కాదు. నందిగామ శివార్లలో వెంకటకృష్ణారావు చేతికాగితం షెడ్డు పెట్టిన నాటి నుంచీ ఆమెది తొట్టి దగ్గర పని. నీళ్ళలో కలిసిన గుజ్జులోకి జల్లెడ చట్రం ముంచి, సమంగా పైకి లేపి, తడిపొరను గుడ్డ మీద బోర్లించాలి. సాయంత్రానికి నడుం పడిపోయేది, కాళ్ళు నానిపోయేవి. అయినా అక్కడ గాలి ఆడేది. కూలి కూడా ఓ పదిహేను రూపాయలు ఎక్కువే.

శ్రీరామనవమికి రామకోటి రాసుకునే పుస్తకాలు కావాలని విజయవాడ నుంచి ఒక భక్తసమాజం పెద్ద ఆర్డరిచ్చింది. యంత్రం మీద వచ్చిన కాగితం పనికిరాదు. చేత్తో చేసింది కావాలి, అదీ మడిగా చేసింది కావాలి. కృష్ణారావు భార్య జ్ఞానప్రసూనాంబ స్వయంగా వచ్చి తొట్టి దగ్గర కొబ్బరికాయ కొట్టి, ఆడకూలీలందరినీ పిలిచింది.

"రాముడి పేరు రాసే కాగితమమ్మా ఇది. బయట చేరినవాళ్ళు ఆ మూడు రోజులూ షెడ్డులోకి రాకూడదు. నేనైనా అంతే, మా ఇంట్లో విడిగానే కూర్చుంటాను."

రాని రోజులకు కూలి ఉంటుందా అని ఎవరూ అడగలేదు. ఉండదని అందరికీ తెలుసు.

తర్వాత ఆమె ఇటు తిరిగింది. "నువ్వేమీ అనుకోకే లూర్దమ్మా. మీ దేవుడు వేరు కదా. ఈ ఆర్డరు అయ్యేదాకా పీలికల గదిలో ఉండు."

లూర్దమ్మ కోసిన పీలికలే రేపు కాగితమవుతాయి. ఆ సంగతి తోటి కూలీ రత్తమ్మ మెల్లగా గొణిగితే, గుజ్జు చేసే బీటరులో పడ్డాక అన్నీ కడుక్కుపోతాయిలే అన్నాడు మేస్త్రీ.

తొట్టి దగ్గర పని బసవమ్మకు దక్కింది. ఇన్నేళ్ళు పక్కపక్కన పనిచేసినా లూర్దమ్మ గ్లాసుతో బసవమ్మ నీళ్ళు తాగిన రోజు లేదు.

అలాంటి బసవమ్మ ఇప్పుడు గది తలుపు తోసుకుని లోపలికొచ్చింది. చేతులు మోచేతుల దాకా తడిగా ఉన్నాయి. ముఖం పాలిపోయింది.

"ఓ నాలుగు మెత్తటి గుడ్డలియ్యవే."

లూర్దమ్మకు అర్థమైంది. "ఎప్పట్నించి?"

"పొద్దున్నించి."

"ఇంటికి పోకపోయావా?"

"పోతే కూలెవరిస్తారు? లారీ మీంచి పడ్డ కాణ్ణించి మా ఆయన మంచం దిగట్లా. నా చెయ్యాడితేనే పొయ్యి వెలిగేది." ఆమె గొంతు తగ్గించింది. "చట్రం ముంచినప్పుడల్లా గుండె దడదడమంటంది లూర్దమ్మా. ఆ సామి నా బిడ్డలకేమన్నా చేత్తాడేమోనని."

"ఏం చెయ్యడులే. ఇయ్యి తెల్లయి, తీసుకో."

రెండు రోజులు గడిచాయి. మూడో రోజు మధ్యాహ్నం దొడ్డి వెనక పారేసిన మరకల గుడ్డ మేస్త్రీ కంటపడింది. గంటలో కారు వచ్చి ఆగింది. ఆడవాళ్ళందరినీ తొట్టి చుట్టూ నిలబెట్టి, ఆ గుడ్డ ఎవరిదని జ్ఞానప్రసూనాంబ అడిగింది.

కృష్ణారావు లూర్దమ్మను ముందుకు పిలిచాడు.

"గుడ్డలన్నీ నీ గదిలోవే. ఎవరు తీసుకెళ్ళారో నీకు తెలుసు. చెప్పు, రేపట్నించి నిన్ను మళ్ళీ తొట్టి దగ్గర వేస్తా. అమ్మగారికి నేను చెప్పుకుంటాలే. సమాజం వాళ్ళు చూడ్డానికొస్తే వాళ్ళ ముందు నిన్ను లక్ష్మి అంటాం, అంతేగా."

నిన్న తను దగ్గుతుంటే వీపు రాస్తూ కూతురు ప్రేమకుమారి ఏడ్చింది. లూర్దమ్మకు అది గుర్తొచ్చింది. ఒక్క పేరు చెబితే చాలు. బసవమ్మ చట్రం పట్టుకుని కొయ్యలా నిలబడి ఉంది.

"నాకు తెలుసండి" అంది లూర్దమ్మ.

కృష్ణారావు ఒక అడుగు దగ్గరికి వచ్చాడు.

"తెలుసు గానీ, చెప్పనండి."

"ఏమన్నావే?"

"చెప్పనన్నానండి."

కృష్ణారావు నోరు తెరిచేలోపే బసవమ్మ ఏడుస్తూ కూలబడింది. "నేనేనమ్మగారూ! మూడ్రోజుల్నించీ నేనే తీత్తన్నా. ఈ ఆరేసినయ్యన్నీ నేను తీసినయ్యే."

జ్ఞానప్రసూనాంబ "రామ రామ" అంటూ వెనక్కి జరిగింది. షెడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా తీగల మీద కాగితాలు ఆరుతున్నాయి. "ఏమండీ, ఇవన్నీ తీసేయించండి. మళ్ళీ గుజ్జు చేయించండి."

ఎల్లుండి లారీ రావాలి. కృష్ణారావు ఒక కాగితం అంచు వేళ్ళతో నలిపి చూశాడు.

"సూర్యుడి వేడికి ఆరాక మైలేముంటుంది ప్రసూనా? పసుపునీళ్ళు చల్లించి కట్టలు కట్టిద్దాం."

ఆమె భర్త ముఖంలోకి చూసింది. చీర చెంగు భుజాల చుట్టూ కప్పుకుని కారు వైపు నడిచింది. ఆ షెడ్డులో ఆమె మాట ఎక్కడిదాకా చెల్లుతుందో ఆమెకూ తెలిసింది.

కాగితానికి మైల పోయింది, బసవమ్మకు పోలేదు.

"నువ్వు ఇంక రాబాకు" అన్నాడు కృష్ణారావు ఆమెతో. తర్వాత లూర్దమ్మ వైపు తిరిగాడు. "నీ పొగరు సంగతి తర్వాత చూస్తా. ముందు పని అవ్వాలి. తొట్టి దగ్గరికి రా."

మేస్త్రీ చట్రం తెచ్చి చేతిలో పెట్టాడు. లూర్దమ్మ వేళ్ళు వాటంతటవే దాని అంచుల మీద సర్దుకున్నాయి. ఎదురు వాకిట్లోంచి వచ్చిన గాలి ముఖానికి తగిలితే, ఆమె గుండెల నిండా పీల్చుకుంది. బసవమ్మ అన్నం క్యారేజీ పట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా రోడ్డు వైపు పోతోంది.

లూర్దమ్మ చట్రాన్ని తొట్టి గట్టు మీద పెట్టింది.

"ఆమెను పిలవండయ్యా. అప్పుడు ముంచుతా."

"పిలవకపోతే ఏం చేస్తావ్?"

ఇక్కణ్ణించి పోతే ఎక్కడికి పోవాలో లూర్దమ్మకు తెలియదు. చేతులు కట్టుకుని అక్కడే నిలబడింది.

మేస్త్రీ రత్తమ్మకేసి చూశాడు. రత్తమ్మ తల వంచుకుంది, ముందుకు మాత్రం రాలేదు. కలియబెట్టే చెయ్యి లేక తొట్టిలో గుజ్జు మెల్లగా అడుగుకి దిగసాగింది.