సున్నం కింద పగులు

ధాన్యం గోదాము గోడల మీద మేడ ఎక్కించిన పెద్దమనుషులారా, ఆ మేడ కింద మీ పిల్లలు ఒక్కరోజైనా కూర్చున్నారా? కూర్చోలేదు. అందుకే మీకు నిద్ర పడుతోంది.

ఆ బడి మొదట గోదాము. మూటలు పోయాక అందులో ఆరు, ఏడు తరగతులు పెట్టారు. ఎనిమిదో తరగతి మంజూరైనప్పుడు పునాది చూసిన పాపాన పోలేదు. పైన గది కట్టేసి, రిబ్బను కత్తిరించి పోయారు. మరుసటి వానలకే ఏడో తరగతి గోడ నిలువునా విచ్చింది.

అప్పట్నుంచీ వీధి ఆడవాళ్లకు ఒక అలవాటు. తనిఖీకి ఎవరొస్తున్నారన్నా పగుల్లో సిమెంటు కూరి, గోడంతా సున్నం కొట్టేస్తారు. శిథిలమని రాస్తే బడి మూసేసి, పిల్లల్ని హైవే అవతలి బడికి తోలతారని భయం. అక్కడే చదివి, అక్కడికే హెడ్మిస్ట్రెస్‌గా వచ్చిన టీచరమ్మ కూడా చూసీ చూడనట్టు ఊరుకుంటూ వచ్చింది.

ఈ ఏడాది పగుల్లో ఆమె చెయ్యి దూరింది. కాళ్లావేళ్లా పడి ఇంజనీరును రప్పించింది. సోమవారం వస్తాడని వీధిలో చెప్పింది గానీ, ఎందుకో చెప్పలేదు. అదే కొంప ముంచింది.

సోమవారం తలుపు తీస్తే గోడ పెళ్లికూతురిలా మెరుస్తోంది. గుమ్మంలో ఆ వీధి టైలరమ్మ నవ్వుతోంది. చేతులకింకా సున్నం.

"నిన్నంతా నడుం విరిగిందనుకోండి టీచరమ్మా. మీరు చెప్పాలా ఏంటి, మాకు తెలీదూ?"

టైలరమ్మ కూతురు కూర్చునేది ఆ గోడవారనే.

"ఎక్కడమ్మా పగులు?" అన్నాడు అప్పుడే జీపు దిగి వచ్చిన ఇంజనీరు. "మా ఇంటి గోడే ఇంత బాగా లేదు."

"లోపలుంది సార్. నిన్ననే పూశారు. గీకి చూడండి."

"అబ్బే, మామూలు సున్నమే సార్," అంది టైలరమ్మ గబుక్కున.

"గీకితే నేనే పాడుచేశానంటారు. కనబడిందే రాస్తాను."

పైన పిల్లలు బెంచీ లాగారు. సున్నపు పెచ్చొకటి ఊడి టైలరమ్మ కూతురి పుస్తకం మీద పడింది.

"తడారలేదు సార్, అంతే." టైలరమ్మ అరచేత్తో తుడిచేసింది.

ఇంజనీరు గోడ భేషుగ్గా ఉందని రాసుకుని జీపెక్కాడు.

"ఎంత పని చేశావే తల్లీ. ఆ గోడ కూలితే?"

"బడి పోతే? నా పిల్ల ఆ లారీల మధ్య రోడ్డు దాటాలా?"

టీచరమ్మ గోడకు చెయ్యి ఆనించి నిలబడింది, ఆ చెయ్యే ఆపుతుందన్నట్టు.

ఆపదు. ఇంజనీరు రాసింది చింపెయ్యండి, పెద్దమనుషులారా. రేపు గంట కొట్టకముందే కిందా పైనా ఆ రెండు గదులూ ఖాళీ చేయించి, గోడ గీకించండి. బడి ఎత్తెయ్యబోమని ఆ తల్లులకు రాసివ్వండి. కొత్త గోడ అక్కడే కట్టండి.