నడుముకు రెండు బకిళ్లు

మా తమ్ముడికి అన్నిటికన్నా ముందు అందం కావాలి. ఓడల అడుగున నాచు గీకే వాడికి నీళ్లలో అందమెందుకంటే వినడు. గాలి సిలిండర్‌ని వీపుకు కట్టి నడుం ముందు బిగించే పట్టీకీ, మనిషిని నీళ్లలోకి దించే సీసం బెల్టుకూ ఒకేలాంటి స్టీలు బకిళ్లు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. అలాంటి పట్టీలు కుట్టడమే నా పని.

"రెండూ ఒకటే అయితే ఎలారా? ప్రాణం మీదికొస్తే సీసమే వదిలి పైకి తేలాలి. కంగారులో చెయ్యి తప్పితే?"

"ఇన్నేళ్లుగా దిగుతున్నానక్కా. నా నడుం నాకు తెలీదా?"

"పట్టీకి ఈ ప్లాస్టిక్ క్లిప్పు వేస్తా. పక్కల నొక్కితేనే ఊడుతుంది. తడిమితే చాలు, తేడా తెలుస్తుంది."

"అది స్కూలు బ్యాగుకి వేసుకో."

నాకు ఒళ్లు మండింది. చిన్నప్పటి నుంచీ వాడు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. తెల్లారితే ఓడ కిందికి దిగాలి. అడిగినట్టే కుట్టి, ముందు ఈత కొలనులో దిగి చూపించమన్నాను.

మరదలు కూడా వచ్చింది. "ఈయన నిద్దట్లో ఫ్యాను వెయ్యమంటే లైటు వేస్తారు వదినా. రెండు స్విచ్చులూ ఒకేలా ఉన్నాయంటారు" అని నవ్వింది.

ఓడ కింద చీకటిలాగే ఉండాలని వాడి నీటి కళ్లద్దాలకు నల్ల టేపు అంటించి, మందపాటి గ్లౌజులు తొడిగించాను. చంకల కింద కట్టిన తాడు కొసను మరదలి చేతికిచ్చాను. తాడు కుదిపితే సీసం వదిలెయ్యాలి, అంతే.

వాడు అడుగుకు చేరాడు. మరదలు తాడు కుదిపింది. వాడి చెయ్యి నడుం తడిమి, ఒక్క లాగు లాగింది.

వదులైంది సిలిండర్ పట్టీ. సిలిండర్ తల మీదికి ఎగదన్నింది, నోట్లోని గొట్టం ఊడిపోయింది. సీసం మాత్రం నడుముకే ఉంది. వాడు కాళ్లు తన్నుకుంటున్నాడు గానీ లేవడం లేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"లాగు!" అని అరిచాను. మరదలు అప్పటికే లాగుతోంది. నేనూ తాడు పట్టుకున్నాను.

గట్టు మీద పడి దగ్గుతూనే, "సీసం వదిలేశాగా... మరి ఎందుకు తేలలేదు?" అన్నాడు.

మరదలు వాడి చెయ్యి తీసుకుని నడుం మీద పెట్టింది. వేళ్లు సీసం దిమ్మల్ని తడిమి ఆగిపోయాయి.

"ఆ స్కూలు బ్యాగు క్లిప్పు ఉందా అక్కా?" అన్నాడు.

"ఉందిరా" అన్నాను. ఏడుపు ఆగలేదు. "ఇక తాడు వదులమ్మా" అని మరదలితో అన్నాను.

ఆమె వదల్లేదు.