కుర్చీ ఎదుటి కెమెరా

నవంబర్ పదకొండు, మంగళవారం ఉదయం ఎనిమిదీ పదికి, పదో తరగతి చదివే నవనీత ఇంట్లోంచి బయటికి వెళ్లింది. బడికి చేరలేదు.

తల్లి అనసూర్యకు ఆ సంగతి సాయంత్రం పత్తి ఏరి వచ్చాక తెలిసింది. బిడ్డ చదువుకునే కుర్చీలో స్కూలు సంచి ఉంది. బడికే రాలేదని టీచర్ ఫోన్‌లో చెప్పింది.

కుర్చీ ఎదుటి గోడకు కెమెరా ఉంది. తండ్రి కొండల్ మస్కట్‌లో పనిచేస్తాడు. వేసవిలో సెలవు మీద వచ్చినప్పుడు బిగించి పోయాడు. అక్కడి నుంచి ఫోన్‌లో చూసేవాడు, కెమెరాలోంచే మాట్లాడేవాడు.

"నవనీతా, నడుం సక్కగ పెట్టు."

"గా అద్దం ఎన్నిసార్లు సూస్తవే? పెండ్లికి పోతున్నవా?"

నవనీత వంటింట్లో తినడం మొదలుపెట్టింది. కెమెరాకు వంటిల్లు కనబడదు. అనసూర్యకు మాత్రం అదే ధీమా. చేనుకు పోతూ దానికి చెప్పి పోయేది: "ఓ నవనీత బాపూ, పిల్ల పైలం."

నవనీత దోస్తుల ఇండ్లన్నీ తిరిగాక, రాత్రి ఎనిమిదింటికి కొండల్ ఫోన్ కలిసింది.

"పిల్లేది?" అంది అనసూర్య.

"నన్నడుగుతవేంది?"

"నువ్వు సూస్తలేవా?"

"డ్యూటీ మారింది. తొమ్మిది దినాలాయె. పొద్దుగాల పోతే రాత్రి దాక ఫోను లోపలికి రానియ్యరు. రూముకొస్తె సూసే ఓపిక ఉంటలేదు."

"మరి చెప్పవా?"

"చెప్తే సదువుతదా? బాపు సూస్తుండనుకుంటే జర భయముంటదని..."

తొమ్మిది రోజుల కింద, లెక్కల్లో మార్కులు తగ్గాయని కొండల్ కెమెరాలోంచి అరిచాడు. "ఇగ నీతోని మాట్లాడ. సూస్తనే ఉంట." అనసూర్య అప్పుడు రొట్టెలు చేస్తోంది. బుద్ధొస్తదిలే అనుకుంది.

పక్కింటి సుధాకర్ కెమెరా కార్డు తీసి ల్యాప్‌టాప్‌లో పెట్టాడు. వీడియోల్లో ఆ తొమ్మిది రోజులూ నవనీత ఒకటే అడిగింది: "బాపు, ఉన్నవా?" రెండో రోజు నోటుబుక్కు ఎత్తి, చేసిన లెక్కలు చూపించింది. ఐదో రోజు నుంచి కెమెరా ఎదుటే కూర్చుని తిన్నది. మంగళవారం సంచి కుర్చీలో పెట్టి నిలబడింది.

"బాపు, పోనా?"

నాలుగు నిమిషాలు ఆగింది. చెప్పులు వేసుకుని వెళ్లింది.

రాత్రి పోలీసులు జమ్మికుంట రైల్వే స్టేషన్ కెమెరాలు చూశారు. ఉదయం ఎనిమిదీ యాభై రెండుకు నవనీత ప్లాట్‌ఫాం చివర ఉంది. తలెత్తి కెమెరా వైపు చూసింది. పెదవులు కదిలాయి. ఆ కెమెరాలో మాట రికార్డు కాదు.