నిండని గుంటలు

విమానం నుంచి తీసిన ఫొటోల్లో శత్రువుల సమాధులు లెక్కపెట్టడం అతని ఉద్యోగం. ఆఫీసులో అందరూ అతన్ని భూతద్దం అని పిలిచేవారు. సమాధులెన్నో తెలిస్తే పోయినవాళ్లెందరో, ఇంకా మిగిలినవాళ్లెందరో అంచనా కట్టవచ్చు. పూడ్చిన సమాధి మీది మట్టి దిబ్బ నీడ బయటికి పడుతుంది. ఖాళీ గుంట నీడ లోపలే ఉండిపోతుంది. మనవాళ్లు ఎక్కబోయే కొండ వెనక కొత్తగా కనిపించినవాటిలో సగానికి పైగా ఉత్త గుంటలే.

"నేల గడ్డ కడితే పార దిగదు బావా. అందుకే చలికి ముందే తవ్వి పెట్టుకున్నారు. అవతల మనుషులు నిక్షేపంగా ఉన్నారు," అన్నాడు.

బావ అంటే అక్క భర్త, ఆ విభాగానికి పెద్ద. ఈ ఉద్యోగం వేయించిందీ ఆయనే. "ఖాళీవి తీసేసే పైకి చెబుతాలేవోయ్. కొండెక్కేవాళ్లలో ముందుండేది మన చిన్నోడేగా! నాకు మాత్రం తెలీదా?" అని భుజం తట్టాడు.

చిన్నోడు భూతద్దానికి తమ్ముడు. ఆ మాటతో భూతద్దం గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం క్యాంటీన్‌లో రేడియో హోరెత్తింది. శత్రుసేన సగం తుడిచిపెట్టుకుపోయిందట. మనవాళ్లు కొండ ఎక్కడం మొదలుపెట్టారట. అందరూ చప్పట్లు కొట్టారు. అతను కంచం వదిలేసి లేచాడు. చెయ్యి కూడా కడుక్కోకుండా బావ గదిలోకి వెళ్లాడు.

"గుంటలన్నీ కలిపేశావా బావా?"

"ముందు తలుపు వెయ్యి."

"మాటిచ్చావు కదా!"

"ఇచ్చాను. పైవాళ్లకి ఆ అంకె రుచించలేదు. మొండికేస్తే నా కుర్చీకే ఎసరు. అయినా ఇవాళ ఖాళీగా ఉన్నవి రేపు నిండవా ఏమిటి?"

"ఎవరితో?"

బావ చూపు తిప్పుకున్నాడు. "అన్నీ కలిపిన లెక్క కట్టింది నువ్వేనని చెప్పాను. సొంత తమ్ముడు వెళ్తుంటే ఎవడైనా తప్పు లెక్క చెబుతాడా అనుకున్నారు. ఇంకో ప్రశ్న వెయ్యలేదు."

అతను బల్ల మీది ఫోన్ బావ ముందుకి తోశాడు. "ఫోన్ చెయ్యి. ఆపమను."

"సగం కొండ ఎక్కేశారోయ్. ఇప్పుడెవరు ఆపుతారు?" బావ గొంతు తగ్గించి, "మీ అక్కకి మాత్రం చెప్పకు," అన్నాడు.

సాయంత్రం ఇంటికి వచ్చి దేవుడి ముందు కూర్చున్నాడు. తమ్ముణ్ణి చల్లగా చూడమని మొక్కబోతే నోట వేరే మాట వచ్చింది: "స్వామీ, బావ చెప్పిందే నిజం కావాలి. ఆ గుంటలన్నీ నిండే ఉండాలి."

చటుక్కున నాలుక కరుచుకున్నాడు. ఆ మట్టిలో పడుకున్నవాడికీ ఒక అన్న ఉంటాడు. ఇలాంటి మొక్కు కూడా వింటాడా దేవుడు?

విన్నా వినకపోయినా, ఆ మాట వెనక్కి తీసుకోవడానికి మాత్రం అతనికి నోరు రాలేదు.