బోసు రోడ్డు మేడమీద వాటా

అరవై ఎనిమిదిలో తెనాలి వాళ్లకి గాలి కొనుక్కునే జబ్బొకటి పట్టుకుంది. చుండూరు వైపు పొలాలు మెరక చేసి కాలనీ వేశారు. బోసు రోడ్డులో తాతల నాటి నుంచి ఉన్నవాళ్లంతా గాలీ వెలుతురూ కావాలంటూ అటు పోయారు. అంతకుముందు మా సందులో ఊపిరాడక ఎవరూ పోయిన దాఖలా లేదు.

మా మేడమీద వాటాలో ఉండే చంద్రశేఖరం కూడా అక్కడ ఇల్లు కట్టుకున్నాడు. రేపల్లె హైస్కూల్లో సైన్సు మాస్టారు. అతను ఖాళీ చేశాక మా ఆవిడ భ్రమరాంబ ఓ మాట చెప్పింది. నెత్తిమీద మనిషి అలికిడి లేని ఇంట్లో తను ఉండలేదట. దసరాలోగా పైన ఎవరూ దిగకపోతే మనమూ కాలనీకే. స్థలానికి డబ్బు సర్దమని బాపట్లలో వాళ్లన్నయ్యకి కబురు కూడా వెళ్లింది. సెకండ్ షో వదిలిన జనం మాటలు వింటూ నిద్రపోయేవాణ్ణి, కప్పల మధ్య ఎలా పడుకోను?

చంద్రశేఖరాన్నే వెనక్కి తెద్దామని వెళ్లాను. అతను కిటికీలన్నీ తెరిచి గాలి చూపించాడు. ఎగిరిపోతున్న పంచె ఒక చేత్తో పట్టుకునే చూపించాడు. రిక్షా రాక రేపల్లె బండి తప్పిపోయే రోజుల గురించి అడిగితే, నడక ఒంటికి మంచిదన్నాడు. కూరలమ్మి అటు రాదు. నీళ్లు బండిమీద వస్తాయి, బండి ఎప్పుడొస్తుందో బండివాడికే తెలీదు. వాళ్లావిడ శ్యామలాంబ కాఫీ ఇస్తూ మెల్లిగా అడిగింది.

"పైవాటా ఎవరికైనా ఇచ్చేశారా అన్నయ్యగారూ?"

"లేదమ్మా, మంచివాళ్లు దొరకడం లేదు."

చంద్రశేఖరం గొంతు సవరించుకున్నాడు. "గృహప్రవేశానికి ఊరంతటికీ భోజనాలు పెట్టానండి బావగారూ. ఇప్పుడు అద్దెకొచ్చానంటే నలుగురూ ఏమనుకుంటారు?"

అదీ సంగతి. గాలి కాదు, నలుగురు.

వాటాకి సున్నం వేయించి, చూసిపొమ్మని ఇద్దర్నీ పిలిచాను. వాళ్లొచ్చేసరికి భ్రమరాంబ మడిలో ఉంది, వంటింట్లోకి ఎవర్నీ రానివ్వదు. శ్యామలాంబ, పైన తను వదిలేసిన కుంపటి ఉంది కదా, కాఫీకి పాలు అక్కడే కాస్తానని గిన్నె పట్టుకుని మెట్లెక్కింది. మేం కింద కూర్చుని గాలి గురించి మాట్లాడుకుంటున్నాం. ఇంతలో పైనుంచి మాడు వాసన.

భ్రమరాంబ వంటింట్లోంచే కేకేసింది. "వదినా, పాలు ఏ వైపుకి పొంగాయి?"

"తూర్పుకే వదినా."

ఖాళీ వాటాలో ముత్తయిదువ చేతిమీదుగా పాలు పొంగాక ఇంక చెప్పేదేముంది? కాపురం పెట్టినట్టే. ఈ మాట చంద్రశేఖరానికి తప్ప సందంతా తెలుసు. పక్కింటి రత్తమ్మ పసుపూ కుంకుమా పట్టుకుని వచ్చేసింది, ఆవిడ వెనక మరో నలుగురు. కాఫీకి కాచిందండీ అని అతను ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పాడు. వాళ్లు అతన్ని దాటుకుని మెట్లెక్కారు. ఇవన్నీ మూఢనమ్మకాలని ఓ పాఠం మొదలెట్టి, మధ్యలో ఆపి, ఇవాళ తిథేంటని నన్నడిగాడు.

"దశమి."

"మరి పొంగిన పాలని కాదనకూడదంటారు," అన్నాడు, బ్లాకుబోర్డు మీద రాసి చూపిస్తున్నంత గంభీరంగా.

దసరాకి ముందే సామానుబండి బోసు రోడ్డెక్కింది. నేను ముందు నడిచాను. దారిలో అడిగిన ప్రతివాడికీ చంద్రశేఖరం తల కొంచెం పైకెత్తి, కాలనీలో గాలికేం లోటు లేదని, పాలు పొంగాయి కాబట్టి తప్పలేదని చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. నలుగురూ మెచ్చుకున్నారు.

ఇప్పుడు పైన తెల్లారకముందే రోటి చప్పుడు. కాలనీ నుంచి చూడవచ్చినవాళ్లతో భ్రమరాంబ, మా పైవాళ్లు క్షణం నిద్రపోనివ్వరండి, జనం మధ్య ఇల్లంటే ఇంతే అంటుంది. అలా చెప్పేటప్పుడు ఆవిడ మొహం చూడాలి. వాళ్లు దిగాలుగా లేచి, ఇంకో వాటా ఏమన్నా ఉందా అని నన్నడుగుతారు. మేడమీద మేడ వెయ్యాలిట. ఆవిడ ఆజ్ఞ.