రెండో జవాబు

లెక్కల గదిలోకి నాలుగో సెక్షను వచ్చి కూర్చుంది. పొద్దుటి నుంచి అదే వర్గ సమీకరణం చెప్పీ చెప్పీ టీచరమ్మ గొంతు జీరబోయింది. ఎక్స్ వర్గం నలభై తొమ్మిదైతే ఎక్స్ ఎంతని అడిగింది. క్లాసంతా ఏడంది. ఇంకో జవాబు కూడా ఉందంటే అందరూ నోటుపుస్తకాల్లోకి తలలు దించేశారు. ఏటా ఇదే తంతు. చివరికి వెనక బెంచీ పిల్ల మెల్లగా లేచింది.

"మైనస్ ఏడు టీచర్."

టీచరమ్మకు ప్రాణం లేచొచ్చింది. "ఎలా వచ్చిందో వీళ్లకి కూడా చెప్పమ్మా."

"పోయిన పీరియడ్‌లో మీరు రాసింది సరిగ్గా చెరగలేదు టీచర్. ఇక్కణ్ణుంచి చూస్తే కనిపిస్తోంది."

టీచరమ్మ డస్టరు అందుకుంది గానీ, ఇంకా ఐదో సెక్షను ఉందని గుర్తొచ్చి, బోర్డు మీది ఆ జవాబును అలాగే ఉంచేసింది.